ఏలూరు వరుస

పాసింజరు భీమడోలులో ఆగిపోయింది. వెనక నుంచి సూపర్‌ఫాస్టు ఏదో వస్తోందట, అది దాటేదాకా ఇది కదలదట. కదలకపోతేనేం, అనుకుంది సమ్రీన్, ఇక్కడే ఆగి తుప్పు పట్టిపోనీ, తాడేపల్లిగూడెం కల్యాణ మండపంలో కుర్చీలేసుకు కూర్చున్నవాళ్ళంతా చూసి చూసి విసుగెత్తి ఇళ్ళకు పోనీ, ఆ శాలువా ఏదో మండపం వాచ్‌మన్ కప్పుకోనీ. ఎదురు సీట్లో అన్న షాబాజ్ కొత్త చొక్కా నలక్కుండా నిటారుగా కూర్చుని, జేబులోంచి ఓ కాగితం తీసి, మడత విప్పి, పెదాలు కదుపుతూ చదువుకుంటున్నాడు. ఏలూరులో రైలెక్కింది మొదలు ఇది నాలుగోసారి. నలభై దాటి, సెకండ్ హ్యాండ్ మోటారు సైకిళ్ళ బేరాల్లో ఎంతటివాణ్ణయినా మాటల్లో ముంచెయ్యగల మనిషి, ఆ అర ఠావు కాగితం ముందు చెమటలు కక్కుతున్నాడు. కక్కడూ మరి. సాయంత్రం అయిదింటికి ఆయనగారికి సన్మానం. ఇరవై ఏళ్ళ కిందట ఏలూరులో గేటు పాటల క్యాసెట్టు తయారు చేసినందుకు. ఆ క్యాసెట్టు తయారు చేసింది సమ్రీన్. ఆ సంగతి ఈ భూమ్మీద ముగ్గురికే తెలుసు. అందులో నాన్న పోయి నాలుగేళ్ళయింది, మిగిలిన ఇద్దరూ ఈ కిటికీకి అటొకరూ ఇటొకరూ కూర్చున్నారు. ఇవాళ మైకులో ఆ పేరు షాబాజని పలికి, రేపు జిల్లా పేపర్లో అచ్చయిందంటే ఇక అంతే, చచ్చేదాకా అది ఆయనదే.

గేటు పాటలు. ఇంగ్లండులో డెబ్బైల్లో నలుగురు జుట్టు పెంచిన మనుషులు గిటార్లు విరగవాయించి, పేరొచ్చాక తన్నుకుని విడిపోయారు. వాళ్ళ హిట్లన్నీ ఏరి కంపెనీవాడు రెండు క్యాసెట్ల సెట్టుగా వేశాడు. అట్ట మీద ఆ నలుగురూ రైల్వే గేటు కర్ర మీద కాళ్ళు వేలాడేసుక్కూర్చున్న బొమ్మ. బ్యాండు పేరు పలకడం రానివాళ్ళు గేటు బ్యాండన్నారు, పలకడం వచ్చిన కాలేజీవాళ్ళూ కొన్నాళ్ళకి అదే అన్నారు. ఆ సెట్టుని మిషన్ స్కూల్లో డ్రాయింగు చెప్పే జ్ఞానయ్య మాస్టారు మద్రాసులో కొని తెచ్చుకుని, అరిగిపోతుందేమోనని భయపడి ఒక కాపీ తీయించుకోవడానికి పవర్‌పేటలో నాన్న దుకాణానికి తెచ్చాడు. హిదాయతుల్లా రికార్డింగ్ సెంటర్. పాటల చీటీ, ఖాళీ క్యాసెట్టు ఇచ్చి వెళితే మర్నాటికి నింపి ఇచ్చే దుకాణం. సెట్టులో పదహారు పాటలు, డెబ్బై అయిదు నిమిషాలు. మాస్టారు తెచ్చిన ఖాళీ క్యాసెట్టు అరవై నిమిషాలది, అదీ ఒక్కటే. "పట్టినన్ని పట్టించండి సాయిబు గారూ" అని ఆయన సైకిలెక్కి వెళ్ళిపోయాడు. పట్టించిందెవరు? కౌంటరు వెనక కర్టెను, ఆ కర్టెను వెనక రెండు టేపు డెక్కులు, వాటి ముందు చిన్న స్టూలు, ఆ స్టూలు మీద పదిహేనేళ్ళ పిల్ల.

మూడు పాటలు తీసెయ్యాలి. ఏవి తీయాలో తెలియక వారం రోజులు విన్నదే విన్నది. ఇంగ్లీషు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అదీ మంచికే అయింది, మాటలు అడ్డం రాలేదు. కంపెనీవాడు ఏ ఏడాది పాట ఆ ఏడాది కింద పేర్చి చేతులు దులుపుకున్నాడు, రేషన్ కార్డులు పేర్చినట్టు. అదేం పేర్పు? మొదటి పాటే గోలగోలగా మొదలవుతుంది, వినేవాడు ఇంకా కుదురుగా కూర్చోనైనా లేదు. సమ్రీన్ దాన్ని పీకి వెనక్కి పెట్టింది. వానచప్పుడుతో మెల్లగా వచ్చే పాటని ముందుకు తెచ్చింది. రైలు కూతతో మొదలయ్యేదాన్ని మొదటి వైపు చివర పెట్టింది, అది విన్నాక క్యాసెట్టు తిప్పకుండా ఎవడూ ఉండలేడని. అప్పటికే పాట పెట్టే డెక్కుకి మెకానిక్ కొలత తప్పిన బెల్టొకటి వేసి పోయాడు, అది రవ్వంత వేగంగా తిరిగేది, పాట అర మెట్టు పైకెక్కి పలికేది. నాన్నకి చెబితే, "ఇంగ్లీషు పాట ఎంత స్పీడుండాలో ఏలూర్లో ఎవడికి తెలుసే" అన్నాడు. ఆ బెల్టు పుణ్యాన పదమూడు పాటలూ అరవై నిమిషాల్లో ఇమిడాయి. అంతే, మాస్టారి కాపీ విని చర్చి కుర్రాళ్ళు కావాలన్నారు, వాళ్ళ దగ్గర విని కాలేజీ హాస్టలు కావాలంది, పెదవేగి పామాయిల్ తోటల్లో ట్రాక్టర్లెక్కింది, కొల్లేటి చెరువుల గట్లెక్కింది. గంగాధరరావని చేపల చెరువుల ఆసామి, నీటికాకులు చేపల్ని ఎత్తుకుపోకుండా గట్టు మీద మైకు కట్టించి ఈ పాటలు మోత మోగించేవాడు. కాకులు పోయాయో లేదో గానీ పాటలు మాత్రం ఆయన్ని పట్టుకున్నాయి. మొన్న వేసవిలో సర్కారు వాళ్ళు అక్రమమంటూ కొల్లేట్లో గట్లు కొట్టేస్తే ఆయన చెరువులు పోయాయి, పాటల పిచ్చి పోలేదు, ఇవాళ్టి సభకి పెద్ద ఆయనే. ఇక చర్చిలో గిటారు వాయించే కృపావరమైతే తీగలు అర మెట్టు పైకి బిగించుకుని ఇరవై ఏళ్ళుగా అలాగే వాయిస్తున్నాడు, పక్క ఊళ్ళవాళ్ళతో కలవకపోతే వాళ్ళే శ్రుతి తప్పారంటాడు. హైదరాబాదు నుంచి ఎవరో అసలు సీడీ తెస్తే అందరూ చుట్టూ కూర్చుని రెండు పాటలు విని, "ఇది డూప్లికేటండీ, నీరసంగా ఉంది, వరస కూడా తప్పేశాడు" అని తీర్పు చెప్పి తీసేశారట. అది విన్న రోజు సమ్రీన్ తంగెళ్ళమూడిలో తివాచీ మగ్గం ముందు కూర్చుని, పక్కవాళ్ళకి కారణం చెప్పలేక, ఒక్కతే నవ్వుకుంది. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు ఒళ్ళు మండుతోంది. ఎవరి కోసం దాచుకుంది ఆ నవ్వు?

"సమ్రీనూ," అన్నాడు షాబాజ్, భీమడోలులో ఎక్కి పక్క సీట్లో కూర్చున్న ముసలమ్మ వినకుండా ముందుకు వంగి, "ఆ మూడు పాటలు ఎందుకు తీసేశానని అడుగుతారంట. ఏం చెప్పను?"

తీసేశానని! ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట నోటికి. ఆ మూడు పాటలేవో ఇతనికి తెలుసా? పదమూడింటిలో ఒక్కటైనా మొదలు నుంచి చివరిదాకా విన్నాడా ఎప్పుడైనా? ఆ రోజుల్లో ఆయనగారు ఇండోరు స్టేడియం దగ్గర క్యారమ్స్ ఆడుతూ, సాయంత్రం గల్లా దగ్గర నాన్న మొహం చూసి జాలి నటించి రెండు నోట్లు పట్టుకుపోవడానికే దుకాణానికి వచ్చేవాడు. చెప్పకూడదు, నోరు కుట్టేసుకోవాలి, అనుకుంటూనే సమ్రీన్ అనేసింది, "ఆ మూడూ ఒకే రకంగా ఏడుస్తాయి భాయ్. అలాంటి ఏడుపు ఒకటుంటే చాలు, నాలుగుంటే దేనికీ విలువుండదు." షాబాజ్ మొహం వెలిగిపోయింది. కాగితం మోకాలి మీద పెట్టుకుని బాల్‌పెన్నుతో గబగబా రాసుకున్నాడు, ఒకే రకంగా ఏడుస్తాయి, విలువుండదు. రాసుకుని, "భలే చెప్పావే" అన్నాడు. తన నాలుక మీద తనకే అసహ్యం వేసింది. ఎవరు అడిగినా, ఏది అడిగినా, చేతిలో ఉన్నది ఠక్కున తీసి ఇచ్చెయ్యడం అలవాటైపోయిన నాలుక. ఇందుకే కదా వెంటబెట్టుకొచ్చాడు. బిర్యానీ ఉంటుంది, సరదాగా రా అన్నాడు, పిల్లల్ని అత్తగారి దగ్గర వదిలి రమ్మన్నాడు. సభలో ఏదైనా మరిచిపోతే వెనక నుంచి అందించడానికి ఒక మనిషి కావాలి. వెనక నుంచి. ఎప్పుడూ వెనక నుంచే.

ఆ కర్టెను ఆకుపచ్చది, ఎప్పుడో పోయిన అమ్మ పాత చీర చింపి కుట్టింది, అంచు దగ్గర దారాలు ఊడి వేలాడేవి. అవతల జనం, ఇవతల తను. నాన్న చెడ్డవాడు కాడు. ఆ మాట వంద సార్లు అనుకుంది, అనుకున్నకొద్దీ కోపం పెరుగుతుందే తప్ప తగ్గదు. చెడ్డవాడైతే తిట్టుకుని ఊరుకునేది. తనకి డెక్కులు నేర్పింది ఆయనే, టేపు రాసుకునే హెడ్ శుభ్రం చెయ్యడం నేర్పింది ఆయనే, తను ఎంచిన వరస విని పొద్దుటి చాయ్ చల్లారిపోయేదాకా మాట్లాడకుండా కూర్చున్నది ఆయనే. కానీ కౌంటరు ముందు ఎవరైనా "భలే చేశారండీ, ఎవరండీ ఈ వరస పెట్టింది?" అంటే చాలు, ఒక్క క్షణం తడుముకోకుండా "మా అబ్బాయండీ" అనేవాడు. వయసొచ్చిన ఆడపిల్ల బజార్లో కొట్టులో కూర్చుని ఇంగ్లీషు పాటలు వింటోందని తెలిస్తే సంబంధాలు రావు, మసీదు దగ్గర పెద్దలు మాట అంటారు, అది ఆయన భయం. అవతల వాళ్ళు మెచ్చుకుంటుంటే ఇవతల ఊపిరి బిగబట్టుకుని వినేది. మొదట్లో ముద్దుగా ఉండేది ఆ దాగుడుమూతలాట. తర్వాత ఉత్తరాలు రావడం మొదలైంది. ఆకివీడు నుంచి, కైకలూరు నుంచి, నిడదవోలు నుంచి, షాబాజ్ గారికి నమస్కరించి వ్రాయునది. ఆ ఉత్తరాలకి జవాబులు కూడా తనే రాసేది, కింద ఇట్లు షాబాజ్ అని. ఎంత వెర్రిబాగులది! ఎవరూ చెయ్యి పట్టుకుని రాయించలేదు కదా. అట్ట మీద పాటల పేర్లు రాసిందీ తనే. ఇంగ్లీషు రాదు కాబట్టి అసలు అట్ట మీది అక్షరాల్ని బొమ్మలు గీసినట్టు గీసేది, మూలన చిన్న గేటు కూడా వేసేది. పది రోజుల కిందట కృపావరం ఇంటికొచ్చి ఇచ్చిన ఆహ్వానపత్రిక మీద ఆ అట్టే అచ్చువేశారు. తన వంకర ఎస్సులు, తన తిరగబడ్డ ఎన్ను, తన గేటు. కింద బంగారు రంగులో, స్వరాల చెవి శ్రీ షాబాజ్ గారికి ఘన సన్మానం.

ఆ రోజు కృపావరం చాయ్ కప్పు చేత్తో పట్టుకుని తాగడం మరిచిపోయి మాట్లాడాడు. మంచివాడు, అదీ ఒళ్ళు మండించే సంగతే, కోపం పెట్టుకోవడానికి మొహం లేని మనిషి. "ఏవండీ, మీకు తెలీదుగానండీ, మీ అన్నయ్య గారు మనిషి కాదండీ. నాకు పెళ్ళి కుదిరిన రోజు అదే విన్నానండీ, మా నాన్నగారు పోయిన రోజూ అదే విన్నానండీ. ఆ వరసలో కాకుండా ఆ పాటలు ఇంకెలాగుంటాయండీ?" అన్నాడు. మీకు తెలీదుగానండీ! సమ్రీన్ తలుపు పక్కన నిలబడి, పళ్ళెం రెండు చేతుల్తో పట్టుకుని, తల ఊపింది. ఊపింది! ముప్ఫై అయిదేళ్ళ మనిషి, ఇద్దరు పిల్లల తల్లి, తన చేతి కష్టం మీద ఇల్లు సగం నడిపే మనిషి, తలుపు పక్కన నిలబడి తల ఊపింది. ఆ రాత్రి అన్నం సయించలేదు. భర్త ఖలీద్ ఏమైందని అడిగితే పంటి నొప్పంది. నిజమే, పళ్ళు అంత గట్టిగా బిగించుకుంటే నొప్పి రాదా.

"ఇంకొక్కటి," అన్నాడు షాబాజ్, కాగితం మీద వేలు కిందికి జరుపుతూ. "ఇది మాత్రం తప్పకుండా అడుగుతారంట. కృపావరం గారు ఎర్ర గీత గీసి మరీ ఇచ్చాడు. నాలుగో పాట అయ్యాక కాసేపు ఏమీ రాదంట కదా, పదకొండు సెకన్లంట. జనానికి అదే ప్రాణమంట. అక్కడ ఎందుకు అంతసేపు ఆపానంటారు?"

సూపర్‌ఫాస్టు అప్పుడే వచ్చింది. పెట్టె మొత్తం అదిరింది, కిటికీ చువ్వలు గణగణలాడాయి, షాబాజ్ నోరు ఇంకా కదులుతూనే ఉంది గానీ మాట వినపడటం లేదు. వినపడక్కర్లేదు. ఇరవై ఏళ్ళ కిందటి శుక్రవారం మధ్యాహ్నం. నాన్న నమాజుకి వెళ్తూ షట్టరు సగం దించాడు. కాపీలన్నీ తీయడానికి అసలుది, మాస్టరు టేపు, ఆ రోజే చేస్తోంది. నాలుగు పాటలు మొదటి క్యాసెట్లోంచి ఎక్కాయి, అయిదోది రెండో క్యాసెట్లో ఉంది. ఇటు క్యాసెట్టు మార్చేలోగా అటు రికార్డయ్యే డెక్కుని ఆపి ఉంచాలి. ఆపబోతోంది. చెవులకి హెడ్‌ఫోను, దుపట్టా భుజం మీదికి జారింది, అయిపోయిన పాట ఇంకా ఒంట్లో ఉండి తల ఊగుతూనే ఉంది. కర్టెను ఎప్పుడు తొలిగిందో తెలియలేదు. చెంప మీద దెబ్బ పడింది, హెడ్‌ఫోను ఎగిరి గోడకి కొట్టుకుంది, స్టూలు పక్కకి ఒరిగింది. "బజార్లో కూర్చుని పాటలకి ఊగుతావా, సిగ్గులేదా" అంటున్నాడు పైన షాబాజ్, ఇరవై రెండేళ్ళ షాబాజ్, జేబులో నాన్న గల్లాలోంచి తీసిన నోట్లతో. అని వెళ్ళిపోయాడు, అంతే, ఆటకి వేళవుతోంది కాబోలు. ఎడమ చెవిలో హోరు. ఏడవలేదు. రెండో క్యాసెట్టు పెట్టింది, మీట నొక్కింది, అయిదో పాట మొదలైంది. అటు డెక్కు ఆగనేలేదని అప్పుడు చూసింది. రికార్డింగు తీగ మీదుగా జరుగుతుంది కాబట్టి దెబ్బ చప్పుడు టేపులోకి ఎక్కలేదు, తిట్టూ ఎక్కలేదు, ఏమీ లేని ఖాళీ ఎక్కింది. చెరిపి మళ్ళీ చేసి ఉండొచ్చు, పావుగంట పని. చెయ్యలేదు. చెరిపేస్తే అసలు జరగనట్టే అయిపోతుందనిపించింది. ఉండనీ, అనుకుంది పళ్ళు బిగించి, ఊరంతా వినండి. ఊరంతా విన్నారు. విని చేతులు జోడించారు. ఎక్కడ ఆ పాటలు పెట్టినా నాలుగోది అయ్యాక అందరూ మాటలు ఆపేసి, కళ్ళు మూసుకుని, కదలకుండా కూర్చుంటారట. అక్కడ దేవుడు కనిపిస్తాడండీ, అన్నాడు కృపావరం. తన చెంప మీద చేతి అచ్చు రెండు రోజులుంది.

సూపర్‌ఫాస్టు దాటిపోయింది. పెట్టెలో చప్పుడు తగ్గింది.

"అది నువ్వు నన్ను కొట్టినప్పటి ఖాళీ భాయ్," అంది.

"ఏం కొట్టడం?"

చెప్పింది. శుక్రవారం, షట్టరు, దుపట్టా, చెంప, నాలుగంటే నాలుగు ముక్కల్లో. ముసలమ్మ వింటే విననీ అని గొంతు తగ్గించలేదు. షాబాజ్ కనుబొమ్మలు ముడిపడ్డాయి, నిజంగానే గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాడు, ఆ ప్రయత్నం మొహంలో కనిపించింది. దొరకలేదు. "నేనా? ఏమో, నాకు జ్ఞాపకం లేదే," అన్నాడు. "చిన్నప్పుడు ఇళ్ళల్లో లక్ష జరుగుతాయి, అవన్నీ పట్టుక్కూర్చుంటారా ఎవరైనా? అయినా అది సభలో చెప్పేది కాదు కదా. వినేవాడి మనసు కుదుటపడటానికి వదిలానంటాను. బాగుంటుందా?" జవాబు కోసం చూడకుండా రాసుకున్నాడు, మనసు కుదుటపడటానికి.

కొట్టినందుకు కాదు. సమ్రీన్‌కి అప్పుడు స్పష్టంగా తెలిసింది, కొట్టినందుకైతే ఎప్పుడో సమాధానపడిపోయేది, అన్నలు కొడతారు, చెల్లెళ్ళు మరిచిపోతారు. ఇక్కడ కొట్టినవాడే మరిచిపోయాడు. తను ఇరవై ఏళ్ళుగా మోస్తున్నది అతని దగ్గర అసలు లేనే లేదు, ఎప్పుడూ లేదు, చెయ్యి విదిల్చుకుని క్యారమ్స్ ఆడుకోవడానికి వెళ్ళిపోయాడు. ఇప్పుడు ఆ దెబ్బకి కూడా శాలువా కప్పించుకుంటాడు. పాటలు పట్టుకుపోయాడు, పేరు పట్టుకుపోయాడు, ఇప్పుడు దెబ్బని కూడా తన గొప్పతనం కింద పట్టుకుపోతున్నాడు. రైలు కదిలింది. పూళ్ళలో ఎవరో రొయ్యల బుట్టతో ఎక్కి సీటు కింద తోశారు, చేబ్రోలు దగ్గర కోతలు కోసిన చేలు, కుప్పల మీద కొంగలు, కుడివైపెక్కడో కొల్లేటి నుంచి వచ్చే నీచు గాలి. ఏదీ నిలిచి చూడలేదు. నాన్నా, నువ్వు భయపడ్డావు సరే, నీ భయానికి నేను కిరాయి కట్టాను, ఇంకా ఎన్నాళ్ళు? సంబంధం వచ్చింది, పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, ఇప్పుడెవరికి భయపడాలి? ఎవరూ లేరు. ఎవరూ లేరన్న సంగతి ఇన్నేళ్ళూ చూసుకోనందుకు తన మీద తనకి వచ్చిన కోపం ముందు షాబాజ్ మీది కోపం ఏపాటిది. ఎదురుగా అతను దువ్వెన తీసి తల దువ్వుకుంటున్నాడు.

తాడేపల్లిగూడెంలో ప్లాట్‌ఫాం మీద పదిహేను మంది దాకా ఉన్నారు. ముందు కృపావరం, చేతిలో చామంతి దండ, పక్కన గంగాధరరావు, తెల్ల చొక్కా, ఎండకి నల్లబడ్డ మొహం. రైలు ఆగీ ఆగకముందే చప్పట్లు మొదలయ్యాయి. షాబాజ్ తలుపు దగ్గర నిలబడి నవ్వు సర్దుకుంటున్నాడు. సమ్రీన్ అతన్ని పక్కకి జరిపి ముందు దిగింది. "రండమ్మా, రండి, బాగున్నారాండీ" అని కృపావరం దండ పైకెత్తి ఆమె భుజం మీదుగా షాబాజ్ వైపు వంగబోయాడు.

"ఆగండి కృపావరం గారూ," అంది. "ఆ క్యాసెట్టు చేసింది నేనండీ. మూడు పాటలు తీసింది నేను, వరస పెట్టింది నేను. మీరు పత్రిక మీద అచ్చు వేయించిన అక్షరాలు నావి, మీ ఉత్తరాలకి జవాబులు రాసింది నేను. మా నాన్నగారు అబ్బాయని చెప్పారు, నేను నోరు మూసుకున్నాను. నా తప్పేనండీ అది."

చప్పట్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. గంగాధరరావు నవ్వబోయి, ఆమె మొహం చూసి మానేశాడు. షాబాజ్ మెట్టు మీదే ఉండిపోయాడు, "చెల్లెలండీ, సరదాకి..." అని ఏదో అన్నాడు గానీ ఎవరూ అటు చూడలేదు. కృపావరం దండ మెల్లగా కిందికి దించాడు. ఆమె వైపు, ఆమె వేళ్ళ వైపు చాలాసేపు చూశాడు. చివరికి అడిగాడు.

"అయితే అమ్మా, నాలుగో పాట తర్వాత అంతసేపు ఆపింది కూడా మీరేనాండీ?"

"కాదండీ," అంది సమ్రీన్. "అదొక్కటీ మా అన్నయ్య చేసిందే. ఎలా చేశాడో ఇక్కడే, అందరి ముందూ చెప్పమనండి."

పదిహేను మందీ షాబాజ్ వైపు తిరిగి, అతను నోరు విప్పడం కోసం ఎదురుచూస్తూ నిలబడ్డారు.